నూకాలు పడవ చరిత్ర

ఒకానొక రాజ్యానికి ఒక ఏరు, ఆ ఏటికి ఒక రేవు, ఆ రేవుకు ఒక పడవ ఉండేవి. పడవ నూకాలు అనే ముసలామెది. ఆ ఇంట మగవాళ్ళు వలలకు పోయేవారు, పడవ మాత్రం కోడళ్ళదే. అత్త తెడ్డు కోడలి చేతికిచ్చి, ఏటి సంగతులన్నీ చెవిన వేసేది. అలా తొమ్మిది తరాలు జనాన్ని దాటించారు. ఒక్కరికీ అక్షరం ముక్క రాదు.

ఆ రాజ్యాన్ని ఏలే రణభీమరాయలుగారికి చరిత్రంటే పిచ్చి. తన వంశచరిత్ర రాయడానికే ఒక పండితుణ్ణి పోషిస్తున్నారు. ఒకనాడు ఆయన, రాసిన చరిత్ర చూపలేనివాళ్ళకు వంశపారంపర్యపు హక్కులు చెల్లవని చాటింపు వేయించారు. ఆ ఆలోచన చెప్పింది బావమరిది కస్తూరిరాజు. అతని కన్ను పడవ మీద పడింది.

నూకాలును కొలువుకు పిలిపించారు. పడవ పోతే ఆమెకూ, ఇంట్లో ఉన్న ఇద్దరు కోడళ్ళకూ వేరే దిక్కులేదు. కడుపు మండిపోతున్నా చేతులు కట్టుకుని నిలబడింది.

"నీ చరిత్ర ఏదీ?" అన్నారు రాయలుగారు.

"ఉంది మారాజా. మోసుకురాలేక ఏట్లోనే వదిలేసి వచ్చాను. తమరు దయచేస్తే అక్కడే చదివి వినిపిస్తాను."

కొలువంతా నవ్వింది. రాయలుగారికి సరదా పుట్టి, బావమరిదిని వెంటబెట్టుకుని రేవుకు బయల్దేరారు. అక్కడ నూకాలు ఇంకో మనవి చేసింది. చినబాబు కస్తూరిరాజుగారు ఒక్కసారి తెడ్డు వేసి మారాజును ఎదుటి రేవులో దించితే, చరిత్ర ఊసెత్తకుండా పడవ అప్పగిస్తానంది. కస్తూరిరాజు ఎగిరి గంతేశాడు.

ముగ్గురూ పడవెక్కాక, ముందు గట్టు వెంబడి ఎగువకు లాగి, ఆ తర్వాత ఏటవాలుగా దాటాలని ఆమె తన ధర్మంగా చెప్పింది. రేవు కళ్ళెదుట కనిపిస్తుంటే పక్కకు పోవడమేమిటని కస్తూరిరాజు నవ్వాడు. రాజుగారెక్కిన పడవ బాణంలా నేరుగా పోతుందన్నాడు. రాయలుగారు మెచ్చుకుని, ముసలిదాన్ని నోరెత్తవద్దన్నారు.

సరేనని ఆమె వెనక కూర్చుని వక్కాకు వేసుకుంది. భాద్రపదంలో నేరుగా బయల్దేరిన పడవ ఎక్కడ తేలుతుందో ఆమెకు తెలుసు. తాగినవాళ్ళూ తొందరపడ్డవాళ్ళూ తొమ్మిది తరాలుగా అక్కడే తేలుతున్నారు.

నడిమికి రాగానే ఏరు పడవను ఎత్తుకుపోయింది. కస్తూరిరాజు చెమటలు కక్కుతూ తెడ్డు వేస్తున్నా, ఎదుటి రేవు వెనక్కి జరిగిపోతూనే ఉంది. చివరకు కోసు దూరం దిగువన, పొరుగురాజు సుంకపు ఠాణా ముందు పడవ బురదలో దిగబడింది. మోకాళ్ళ లోతు బురదలోకి దిగిన రాయలుగారిని ఠాణా భటుడు అడ్డగించాడు.

"ఎవరు నువ్వు?"

"మేము రణభీమరాయలం. ఎగువ రాజ్యమంతా మాది."

"రాసిన రుజువేదైనా ఉందా?"

రాయలుగారి చరిత్ర పద్దెనిమిది తాటాకు కట్టలు. అన్నీ కోటలో భద్రంగా ఉన్నాయి. భటుడు తాళ్ళు తెమ్మని లోపలికి కేకేశాడు. అంతలో పడవలో ముసలామె అతని కంటబడింది.

"నువ్వా అవ్వా? వీళ్ళు నీ మనుషులా? అయితే నీ మాట చాలు. మా తాతల నాటి నుంచీ మీ పడవవాళ్ళ మాట మీదే దారితప్పినవాళ్ళను వదిలేస్తున్నాం."

నూకాలు తొందరపడలేదు. రాయలుగారి వైపు తిరిగింది.

"మారాజా, మా చరిత్రలో ఇది ఒక పుట. చాలా, ఇంకా చదవమంటారా?"

రాయలుగారు తన కాళ్ళ బురద చూసుకున్నారు. భటుడి చేతికొచ్చిన తాళ్ళు చూశారు. కాసేపటికి ఆయనకు నవ్వు ఆగలేదు.

"చాలు తల్లీ. నేనెవరో వాడికి చెప్పు."

ఆమె చెప్పింది. తర్వాత తెడ్డు అందుకుని, గట్టు వెంబడి ఎగువకు లాగి, ఏటవాలుగా దాటించి సొంత రేవు మెట్ల దగ్గరే దించింది. రాయలుగారు చాటింపు రద్దు చేసి, పడవ ఆ ఇంటి కోడళ్ళదేనని అందరి ముందూ ప్రకటించి, చేతి కంకణం తీసి ఆమెకిచ్చారు. ఇంకేం కావాలో కోరుకోమన్నారు.

"చినబాబుగారిని ఏడాదిపాటు ఇప్పించండి మారాజా. పడవంటే మోజు ఉంది, రెక్కల్లో బలం ఉంది. మా అత్త నాకు చెప్పినవన్నీ చెబుతాను."

రాయలుగారు మళ్ళీ విరగబడి నవ్వి, బావమరిదిని అక్కడికక్కడే అప్పగించారు.

ఆస్థాన పండితుడు మాత్రం ఆ సాయంత్రమే పంతొమ్మిదో కట్ట విప్పాడు. రాయలుగారు భాద్రపదంలో ఏరు దాటి పొరుగుదేశం మీద దండెత్తారనీ, శత్రుభటులు చూస్తుండగానే క్షేమంగా తిరిగివచ్చారనీ రాసుకున్నాడు.