ఫొటో కింద పడిన మాట

"ఒక్క పేజీ కోసం ఎన్ని బ్రౌజర్ల కాళ్లు పట్టుకోవాలి మాస్టారూ?" అని అడిగాడు మస్తాన్ వలి.

చీరాలలో ఒక మందుల షాపు పైగదిలో భూషణం మాస్టారు సొంత వెబ్ పేజీలు తయారుచేసుకోవడం నేర్పేవారు. ఉద్యోగాల కోసం నేర్చుకునేవాళ్లు ఆయన దగ్గరికి రారు. టైలర్లు, హోమియో డాక్టర్లు, పద్యాలు రాసుకునే రిటైరైన గుమాస్తాలు వచ్చేవారు. వలి హార్మోనియాలు బాగుచేస్తాడు. ముప్పై ఎనిమిదేళ్లవాడు. తండ్రి నేర్పిన పని తనతోనే పోకూడదని ఆర్నెల్ల కిందట ఒక పేజీ పెట్టాడు. పైన పేరు, కుడిపక్కన తన ఫొటో, అడుగున ఫోను నంబరు, మధ్యలో హార్మోనియాన్ని ఎలా చూసుకోవాలో, ఏం చేయకూడదో.

వలి కంప్యూటర్లో ఆ పేజీ పెళ్లికొడుకులా ఉండేది. తమ్ముడి ఫోనులో తెరిస్తే అతని పేరు రెండు ముక్కలైంది. ఇంకో బ్రౌజర్లో ఒత్తులు తమ అక్షరాలను వదిలేసి విడిగా నిలబడ్డాయి. ఒకచోట సరిచేస్తే మరోచోట చెడేది. మాస్టారి గదిలో మూలనున్న పాత కంప్యూటర్లోనైతే ఫొటో వెళ్లి రాత మీద కూర్చుంది. మూడు వారాలు తంటాలు పడ్డాక వలికి ఓపిక నశించింది.

"అసలు ఈ పాత బ్రౌజర్ని ఇంకా ఎవరు వాడతారండీ? కొత్త బ్రౌజర్లోనే చూడండి అని పైన ఒక ముక్క రాసి పడేస్తాను. చూసేవాళ్లు చూస్తారు, లేకపోతే లేదు. నేను హార్మోనియాలు బాగుచేసుకోవాలా, వీటి అలకలు తీర్చుకుంటూ కూర్చోవాలా?"

మాస్టారికి వాదించే అలవాటు లేదు. ఆ ముక్క ఎలా రాయాలో చూపిద్దామన్నట్టు కుర్చీ దగ్గరకు లాక్కున్నారు కూడా. అప్పుడే వలి ఫోను మోగింది.

"హార్మోనియం వలిగారేనా? నేను కడవకుదురు నుంచి కరుణమ్మని. ఇక్కడ ప్రార్థన మందిరంలో పెట్టె వాయిస్తాను. మీరు చెప్పినట్టే చేశాను బాబూ, ఇప్పుడు సగం మెట్లు నొక్కినా పలకడం లేదు. ఆదివారం ఆరాధన ఎట్టా జరగాల?"

"నేనేం చెప్పానమ్మా?"

"రీడ్లను చింతపండుతో తోమమన్నారుగా."

వలికి ఒళ్లు మండింది. గాలికి పలికే ఆ సన్నటి ఇత్తడి రేకుల మీద చింతపండు పెట్టేవాడు ఎవడైనా ఉంటాడా? "ఎవరమ్మా మీకు చెప్పింది?" అని అరిచాడు.

"మీరే. మీ పేజీలోనే ఉంది" అని ఆవిడా అంతే గట్టిగా అంది.

మాస్టారు లేచి చెప్పులు వేసుకున్నారు. "నీ పనిముట్లు తీసుకో. చూసొద్దాం."

ఆటోలో అరగంట ప్రయాణం. వలి దారిపొడుగునా గొణుగుతూనే ఉన్నాడు. రేకుల కప్పు వేసిన చిన్న మందిరం అది. కరుణమ్మకు అరవై దాటి ఉంటాయి. పెట్టె విప్పి, రీడ్ల పలకను న్యూస్‌పేపర్ మీద పరిచి పెట్టింది. రీడ్లు తోమిన బిందెల్లా మెరిసిపోతున్నాయి. కొన్ని వంగిపోయాయి. కొన్నిటి సందుల్లో చింతపండు పీచు ఇరుక్కుని ఎండిపోయింది.

"మా నాన్న వాయించిన పెట్టె ఇది" అంది. "నేను దీన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వను. మీరు తెలిసినవాళ్లని నమ్మి చేశాను."

"ఎక్కడుందో చూపించండి" అన్నాడు వలి.

పాటల కాగితాలు అచ్చు వేసుకోవడానికి ఎవరో ఇచ్చిన పాత కంప్యూటర్ ఒకటి గోడ వారగా ఉంది. ఆవిడ పేజీ తెరిచి, కళ్లజోడు సర్దుకుని, వేలు పెట్టి చదివింది. "ఇత్తడి రీడ్లను చింతపండుతో తోమడం మంచిది."

"మంచిది కాదమ్మా! మంచిది కాదు అని రాశాను!"

"కాదు ఎక్కడుంది బాబూ?"

వలి వంగి చూశాడు. ‘కాదు’ ఉండాల్సిన చోట తన ఫొటో ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని నవ్వుతున్నాడు.

"మీ బ్రౌజర్ పాతదమ్మా, అందుకని..." అని మొదలుపెట్టాడు వలి. అప్పటికే గొంతు తగ్గింది.

"బ్రౌజర్ అంటే ఏంది?" అని అడిగింది కరుణమ్మ. "నేను కంప్యూటర్లో చూశాను."

వలి మాస్టారి వైపు తిరిగాడు. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

ఇక వలి నేల మీద కూర్చున్నాడు. ఒక్కొక్క రేకూ ఊడదీసి, పీచు తీసి, వంపు సరిచేశాడు. స్వరం పెంచాల్సినచోట రేకు కొసన, దించాల్సినచోట మొదట్లో గీకుతూ, పక్క మెట్టుతో కలిపి వింటూ, మధ్యాహ్నం భోజనం కూడా మానేశాడు. మధ్య స్థాయిలో మూడు రేకులు మాత్రం ఎంత చేసినా దారికి రాలేదు. వాటి చోట తన సంచిలోవి బిగించాడు.

కరుణమ్మ ఒక కీర్తన సగం దాకా వాయించి ఆపింది. "పలుకుతోంది బాబూ. ఆదివారానికి ఇబ్బంది లేదు" అంది. తర్వాత ఆ మూడు మెట్లనూ ఒక్కొక్కటిగా నొక్కి విన్నది. "ఇయ్యి మాత్రం మా నాన్న పెట్టెలోయి కాదు" అని మూత వేసింది.

తిరుగు ప్రయాణంలో ఆటో ఊళ్లోకి వచ్చాక వలి తనకు తానే సర్దిచెప్పుకుంటున్నట్టు అన్నాడు:

"అయినా ఈ ఆర్నెల్లలో ఆ పేజీని నాలుగు వందల మంది చూశారు మాస్టారూ. ఒక్కావిడకే కదా ఇలా జరిగింది."

"ఫోను చేసింది ఒక్కావిడ" అన్నారు భూషణం మాస్టారు.