మరలో మిగిలిన పొడి

ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు గవరయ్య గారికి లేదు. ముప్పై ఏళ్లు కాఫీ గింజల మిల్లులో రుచి చూసే ఉద్యోగం చేసి, రిటైరయ్యాక ఘాటీ పైన ఒక చిన్న ఊళ్లో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారాయన. ఆదివారం వస్తే చుట్టుపక్కల కాఫీ తోటల వాళ్లు వేయించిన గింజలు పొట్లాలు కట్టుకుని ఆయన వసారాలో కూర్చునేవారు. ఆయన రుచి చూసి ఒక మాట చెప్పేవారు. వచ్చే ఏడు తోటలో ఏం చెయ్యాలో, ఏం మానాలో వాళ్లు ఆ మాటను బట్టే తేల్చుకునేవారు. మాటకు అంత బరువుంది కాబట్టే అది ఆయన నోటి నుంచి అంత నెమ్మదిగా వచ్చేది.

ఆయన దగ్గర రుచి చూడడం నేర్చుకుంటున్నవాడు దేముడుబాబు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. జీతం చిన్నది, సరదా పెద్దది. ఇంట్లో ఎస్ప్రెసో మిషనొకటి పెట్టుకుని, నర్సీపట్నంలో మూతపడిన ఒక హోటలు వాళ్ల దగ్గర పాత గ్రైండరు కొని, రోజూ పొద్దున్నే ఆ రెండింటితో కుస్తీ పట్టేవాడు. ఒక శనివారం పొద్దున గురువు గారి దగ్గరికి వచ్చి అడిగాడు.

"గురువుగారూ, కొత్త గ్రైండరు కొందామని ఉంది. పదిహేను వేలు దాటకూడదు. రెండు చూసి పెట్టాను. ఒకటి పెద్దది. పైన అరకిలో గింజలు పట్టే డబ్బా, బరువైన మోటారు. రెండోది చూడ్డానికి ఆటబొమ్మలా ఉంది. పైన డబ్బాయే లేదు. ఒక్క కప్పుకి కావలసిన పద్దెనిమిది గ్రాములు తూచి వేస్తే, అంతా ఆడించి ఒకేసారి కిందికి దించేస్తుంది. సింగిల్ డోస్ అంటారు దాన్ని. విచిత్రమేమిటంటే దాని ఖరీదే ఎక్కువ. తక్కువ వస్తువుకి ఎక్కువ డబ్బెందుకు పెట్టాలో నాకు బోధపడలేదు. ఏది కొనమంటారు?"

"ఇప్పుడున్న దానికేమైంది?" అన్నారు గవరయ్య గారు.

"అబ్బే, ఏం కాలేదండీ. పాతబడింది."

"పట్టుకురా, చూద్దాం."

దేముడుబాబు ఇల్లు రెండు వీధుల అవతలే. అయినా ఆ రెండు వీధులూ నడవడానికి అతనికి చాలాసేపు పట్టింది. కిందటి ఆదివారం సంగతి అతను గురువు గారికి చెప్పలేదు.

ఆ రోజు గవరయ్య గారు బంధువుల పెళ్లికి వెళుతూ, వచ్చినవాళ్ల గింజలు రుచి చూసి రాసి పెట్టమని శిష్యుడికి అప్పగించారు. గురువు గారి కుర్చీలో కూర్చునేసరికి దేముడుబాబుకి ఎక్కడ లేని హుషారొచ్చింది. ఆయన వాడే చేతిమరను పక్కన పెట్టి, తన గ్రైండరూ మిషనూ తెచ్చి వసారాలో అమర్చాడు. గెమ్మెలి చిలకమ్మ అనే ఆవిడ పొట్లం విప్పింది. ఎర్రగా పండిన పళ్లనే ఏరి, నేల మీద పోయకుండా వెదురు మంచెలు కట్టి, వలల మీద ఇరవైనాలుగు రోజులు ఆరబెట్టింది ఆవిడ. ఆ చుట్టుపక్కల ఎవరూ అంత శ్రమ పడలేదు. దేముడుబాబు ఒక గుక్క తాగి, పదిమందీ వినేలా అన్నాడు: "పాత గోనె కంపు కొడుతోందమ్మా. ఇంత కష్టపడింది దీనికా?" అందరూ నవ్వారు. ఆ నవ్వు అతనికి బాగానే ఉంది. చిలకమ్మ పొట్లం మడుచుకుని వెళ్లిపోయింది.

మర్నాడు సోమవారం ఇంట్లో వేరే గింజలతో కాఫీ పెట్టుకుంటే అందులోనూ అదే కంపు. ఇంట్లో చిలకమ్మ గింజ ఒక్కటీ లేదు. కంపు మాత్రం ఉంది. కంపు గింజలది కాదని, మోసుకెళ్లిన కుదుపుకి గ్రైండర్లోనే ఏదో కదిలిందని అతనికి అర్థమైపోయింది. అర్థమైనా ఆ గ్రైండరు విప్పి చూడలేదు. దాని మీద గుడ్డ కప్పి, కొత్తది కొనేస్తే గొడవ వదిలిపోతుందనుకున్నాడు.

గ్రైండరు తెచ్చి వసారాలో పెట్టాడు. "గింజలు వెయ్యకుండా తిప్పు," అన్నారు గవరయ్య గారు. తిప్పితే చిటికెడు పొడి రాలింది. "ఇప్పుడు తలకిందులు చేసి, అడుగు మీద నాలుగు దెబ్బలు వెయ్యి." వేశాడు. కింద పరిచిన పేపరు మీద బూడిదరంగు తిరిగిన పొడి గడ్డలు గడ్డలుగా పడింది. అందులో చికోరీ పలుకులు కూడా ఉన్నాయి. హోటలు నాటివి కాబోలు. కాటాలో పోస్తే పదకొండు గ్రాములు తూగింది. ముక్కు దగ్గర పెట్టుకోనక్కరలేకుండానే వాసన వసారా అంతా తిరిగింది.

"దీంట్లో ఎవరి గింజలు ఆడించావు?"

"నావేనండీ" అన్న మాట దేముడుబాబు నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగేసి, "చిలకమ్మవి," అన్నాడు.

గవరయ్య గారు చేతిమర సంచిలో వేసుకుని చెప్పులు తొడుక్కున్నారు. ఆయన కోప్పడితే బాగుండునని దారి పొడుగునా అనిపించింది దేముడుబాబుకి.

వాళ్లు వెళ్లేసరికి చిలకమ్మ వాకిట్లో ఆవిడ మరిది బొంజుబాబు మంచెలు విప్పుతున్నాడు. విప్పిన వెదుళ్లు మేకల దడి కోసం ఒక పక్క పేర్చి ఉన్నాయి. పక్కిళ్ల వాళ్లు ముగ్గురు నిలబడి చూస్తున్నారు. చిలకమ్మ గబగబా నులకమంచం వాల్చి, దేముడుబాబుని చూసి అపరాధిలా నవ్వింది.

"డాక్టరుబాబూ, గోనెలు మార్చీసినాను. నువ్వు పాత గోనె కంపన్నావు గదా, సంతకెళ్లి కొత్తవి కొన్నాను. ఇప్పుడు కంపుండదేమో సూడు బాబూ."

కాంపౌండరునే ఆ ఊళ్లో డాక్టరుబాబు అంటారు. రోజూ సంతోషంగా వినే ఆ పిలుపుకి దేముడుబాబు ఆవేళ తల దించుకున్నాడు.

బొంజుబాబు మంచె మీద నుంచే అందుకున్నాడు. "కోడిపిల్లల్ని కాసినట్టు కాసింది బాబూ, ఇరవైనాలుగు రోజులు! మబ్బేస్తే పరుగు, మంచు పడితే పరుగు. ఆకరికేటి? గోనె కంపు! ఆ కంపు కోసమైతే మాలాగ నేల మీద పోస్తే సాలదా?" పక్కిళ్ల వాళ్లు నవ్వారు. ఆదివారం గురువు గారి కుర్చీలో కూర్చుని దేముడుబాబు విన్న నవ్వే అది.

"ఆ రోజు పొట్లంలో గింజలేమైనా మిగిలాయా తల్లీ?" అనడిగారు గవరయ్య గారు. ఆవిడ లోపలి నుంచి తెచ్చిన గుప్పెడు గింజలనూ ఆయన చేతిమరలో వేసి, నింపాదిగా ఆడించి, వేడినీళ్లు పోసి, తేర్చి, అందరికీ తలో గుక్క పోశారు. ముందు తాగినవాడు బొంజుబాబు. తాగి గ్లాసులోకి తొంగి చూశాడు.

"ఓలమ్మా! పనసతొన నోట్లో ఏసుకున్నట్టుందేటి?" అన్నాడు. తరవాత దేముడుబాబు వైపు తిరిగి, "మరి గోనేదీ బాబూ?" అన్నాడు.

అందరూ తన వైపే చూస్తున్నారు. దేముడుబాబు చేతిలో గ్లాసు కింద పెట్టాడు.

"అదేనమ్మా... మిషన్లో పాత పొడి కొంచెం ఉండిపోయింది. అందువల్ల జరిగింది. మిషను తప్పు."

చిలకమ్మ అతని మొహంలోకి చూసింది. గొంతు పెంచకుండానే అంది.

"మిషను నాతో మాటాడనేదు బాబూ. నువ్వు మాటాడినావు."

దేముడుబాబు గురువు గారి వైపు చూశాడు. ఆయన తల వంచుకుని చిన్న కుంచెతో చేతిమర పళ్లు తుడుచుకుంటున్నారు. ఆయన దగ్గర నుంచి మాట సాయం రాదని తెలిసిపోయింది.

"నేనన్నది తప్పు," అన్నాడు దేముడుబాబు. "మీ గింజల్లో ఏ లోపమూ లేదు. నా గ్రైండరు నేను చూసుకోకుండా, నవ్వించడానికి అన్నాను. సోమవారం పొద్దున్నే నాకు తెలిసింది. వచ్చి చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నాను."

చిలకమ్మ తనలో తను అనుకుంటున్నట్టు అంది.

"మూడు బస్తాల్లో రెండు బుధవారం నాడు షావుకారుకి తోసీసినాను. అందరి గింజల్లోనూ కలిపీసినాడు."

సోమవారానికీ బుధవారానికీ మధ్య ఒక రోజంతా ఉంది. ఆ రోజు తనేం చేశాడో గుర్తు తెచ్చుకోబోయాడు దేముడుబాబు. ఫోనులో గ్రైండర్ల బొమ్మలు చూస్తూ కూర్చున్నాడు.

"అయితే ఏటొదినా, ఇయ్యి మళ్లీ కట్టాలేటి? పొద్దుటి నుంచీ ఇప్పినాను నడుములిరిగీలాగ!" అన్నాడు బొంజుబాబు, పైనుంచి దిగకుండానే.

"కట్టు," అంది చిలకమ్మ. తరవాత దేముడుబాబుకేసి చూసి, "ఆ కొస పట్టుకో బాబూ," అంది. మన్నించానని అనలేదు, మన్నించలేదనీ అనలేదు. అతను చొక్కా చేతులు మడుచుకుని వెదురు కొస ఎత్తి పట్టుకున్నాడు. ఎండ నడినెత్తికొచ్చేదాకా అలా పట్టుకుంటూనే ఉన్నాడు. అంతసేపూ చిలకమ్మ అతనితో, "ఇంకాస్త పైకి" అనీ, "అక్కడ ఆపు" అనీ తప్ప ఒక్క మాట కూడా అదనంగా మాట్లాడలేదు.

తిరిగి వస్తున్నప్పుడు దేముడుబాబు అరచేతులు గీసుకుపోయి మండుతున్నాయి. ఇల్లు దగ్గర పడుతుండగా అన్నాడు.

"గురువుగారూ, ఆ చిన్నదే కొంటాను. అందులో అయితే పాత పొడి మిగలదు కదండీ?"

గవరయ్య గారు అలవాటు ప్రకారం నాలుగడుగులు నడిచాకే జవాబు చెప్పారు.

"మిగల్చని మర లేదు దేముడూ. ఏ పూటకాపూట తట్టి చూసుకునే వీలున్నది కొనుక్కో."