వెనక నేనే

ఎప్పటి మాటో ఏ ముసలమ్మా చెప్పలేదు, ఏ రాతి మీదా రాసి లేదు. బావికో గిలక, గిలకకో పాట ఉన్న కాలం నాటి మాట. ఊకొట్టేవాళ్లుంటే కథ నడుస్తుంది, లేకుంటే బావి గట్టు మీదే కూర్చుంటుంది.

బావులపల్లె అని ఒక ఊరు. ఆ ఊళ్లో మద్దిలేటి అని ఒక కపిల తోలేవాడు.

కపిల అంటే ఇప్పటి పిల్లలకు తెలీదు. బావి గట్టు మీద గిలక. గిలక మీద మోకు, అంటే లావు తాడు. మోకుకు ఒక కొసన తోలు బాన, ఇంకో కొసన జోడెద్దులు. ఎద్దులు ఏటవాలు బాటలో కిందికి దిగుతుంటే బాన నిండా నీళ్లు పైకొస్తాయి, కాలవలో పడతాయి. మళ్లీ బాన బావిలోకి దిగాలంటే ఎద్దులు వెనక్కి నడవాలి. తిరిగి కాదు, వెనక్కి. వాటికి బావి కనిపించదు, గట్టు కనిపించదు. వెనకున్న మనిషి గొంతు వింటూ నడుస్తాయి. అందుకే కపిల తోలేవాళ్లు పాడతారు. పాట రాకపోతే కూతైనా వేస్తారు.

మద్దిలేటి మంచి పనిగాడు. వంపు చూసి నీళ్లు పారించేవాడు. అడిగితే లేదనేవాడు కాడు. కానీ ఊళ్లో ఆయన గురించి ఒక మాట ఉండేది. "మద్దిలేటి చెయ్యి ముందు పుట్టింది, మద్దిలేటి తర్వాత పుట్టినాడు."

ఆ మాట ఎట్ల వచ్చిందో వినండి.

బావులపల్లెలో పలకరింపంటే వీపు మీద చరుపు. పెళ్లైతే చరుపు, పంట పండితే చరుపు, వాన పడితే చరుపు. ఎంత ప్రేముంటే అంత గట్టిగా పడేది. పక్క ఊళ్లవాళ్లు "బావులపల్లెకు అల్లుడైతే వీపుకు ఆముదం రాసుకుని పోవాల" అని నవ్వేవాళ్లు. ఒకనాడు మద్దిలేటి స్నేహితుడు హుసేనప్ప, మద్దిలేటికి ఆడపిల్ల పుట్టిందని విని పరిగెత్తుకొచ్చాడు. బావి దగ్గర మోకు సరిచేస్తున్నవాడి వీపు మీద ఆనందంగా ఒకటి చరిచాడు.

మద్దిలేటి తిరగడమూ పిడికిలి పడడమూ ఒక్కసారే. హుసేనప్ప పన్ను ఊడి కాలవలో పడింది.

కొట్టినంక చూశాడు, కొట్టింది హుసేనప్పనని. కాళ్ల మీద పడ్డాడు. "తప్పైపాయ బావా, తప్పైపాయ."

హుసేనప్ప నెత్తురు ఉమ్మి అన్నాడు, "నీ బిడ్డకు ఇంకా పండ్లు రాల్యా, నాకేమో పోయినాయి. ఇదేం లెక్క బావా?"

నవ్వి వదిలేశాడు. ఊరు మాత్రం వదల్లేదు. "చెయ్యి ముందు పుట్టింది, మద్దిలేటి తర్వాత పుట్టినాడు" అంది.

అది మొదటి దెబ్బ.

కొన్నేళ్లకు రెండోది పడింది. మద్దిలేటికి ఒక కర్రెద్దు ఉండేది. దూడప్పటి నుంచి సాకినది, నల్లగా నిగనిగలాడేది. ఒక పొద్దున మద్దిలేటి కాలవలో అడ్డం పడిన మట్టి తీస్తుంటే, అది ఉలవల వాసనకు వెనక నుంచొచ్చి మూతితో వీపును నెట్టింది. అంతే. చేతిలో ముల్లుకర్ర ఉంది. మూతి చీలింది. ఎద్దు అరవలేదు. రెండడుగులు పక్కకు జరిగి నిలబడి చూసింది.

ఆ నాటి నుంచి అది కపిల బాటలో కిందికి దిగేది, వెనక్కి మాత్రం నడిచేది కాదు. మద్దిలేటి వెనక నిలబడితే ఒళ్లంతా వణికేది.

"చెయ్యి ముందు పుట్టింది" అంది ఊరు.

మూడో దెబ్బ గురించి చెప్పేటప్పుడు బావులపల్లెలో ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. పుట్టిననాడు పన్ను ఊడగొట్టించిన ఆ బిడ్డ ఓబులమ్మ అప్పటికి చెంబు మోసేంతైంది. నాయనకు సంకటి తెచ్చింది. మద్దిలేటి గట్టు మీద కూర్చుని ఎటో చూస్తున్నాడు. పిల్లకు ఆట పుట్టింది. సంకటి గిన్నె చప్పుడు లేకుండా కింద పెట్టి, మునివేళ్ల మీద నడిచొచ్చి, వెనక నుంచి నాయన కళ్లు మూసింది.

పిల్ల రాళ్ల మీద పడింది. ఎడమ చెయ్యి ఇరిగింది.

మద్దిలేటి ఎత్తుకోబోయాడు. పిల్ల కుడి చెయ్యి నెత్తి మీద అడ్డం పెట్టుకుంది. ఏడవలేదు. చెయ్యి మాత్రం దించలేదు.

కట్టు కట్టేవాడు వచ్చి వెదురు దబ్బలు పెట్టి కట్టాడు. మద్దిలేటి పెళ్లాం సుంకులమ్మ రెండు చీరలు మూట కట్టింది.

"యాడికి పోతావు?" అన్నాడు మద్దిలేటి.

"పుట్టింటికి పోతే పదిమంది అడుగుతారు. ముసలి తిప్పవ్వ పంచలో ఉంటా."

"నేను కావాలని కొట్టలేదే."

"నాకు తెలుసు. కావాలని కొట్టేటోడివైతే ఏనాడో పోయేదాన్ని. నీ చెయ్యి నీ మాట విన్ననాడు వచ్చి పిలువు. అంతవరకు నా బిడ్డ నీ చెయ్యి అందే దూరంలో ఉండదు."

బిడ్డ వేలు పట్టుకుని వీధి దాటి వెళ్లిపోయింది.

మద్దిలేటి ఒంటరిగా వండుకున్నాడు, ఒంటరిగా తిన్నాడు. కోపం వచ్చింది. ముందు పెళ్లాం మీద, తర్వాత ఊరి మీద, తర్వాత తన చేతి మీద. చేతిని తిడితే ఏమొస్తుంది? అది మాట్లాడదు.

ఒకనాడు తిప్పవ్వ ఇంటి ముందు నుంచి పోతూ ఆగాడు. వీధిలో పిల్లలు ఆడుతున్నారు. ఓబులమ్మ కట్టు చెయ్యి మెడకు వేలాడుతోంది. పక్కింటి బుడ్డది, ఇంకా మాటలు కూడా సరిగ్గా రానిది, వెనక నుంచొచ్చి ఓబులమ్మ పావడ లాగింది. ఓబులమ్మ గిర్రున తిరిగి బాగున్న చేత్తో ఆ బుడ్డదాని చెంప మీద కొట్టింది. కొట్టి, తానే భయపడి, ఆ చేతినే నెత్తి మీద అడ్డం పెట్టుకుంది.

మద్దిలేటి అంతా చూశాడు. ఆ దెబ్బ ఆయనకు తెలుసు. అడ్డం పెట్టిన ఆ చెయ్యి కూడా తెలుసు.

పిల్లలు చెదిరిపోయాక తిప్పవ్వ దగ్గరికి వెళ్లాడు. తిప్పవ్వ ఊళ్లోకెల్లా పెద్దది. అరుగు మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది.

"అవ్వా, బిడ్డ చెయ్యి ఇరగ్గొట్టినా. అది అతుక్కుంటుంది. నా గుణం దానికి అంటుకుందే. అదెట్ల పోవాల?"

"నీకు ఎవరిది అంటుకుంది?" అంది తిప్పవ్వ.

"నాది నాదే."

"ఏం కాదు. మీ చిన్నాయన ఊరు నా పుట్టిల్లు. నాకు తెలీదా? కరువులో మీ అమ్మ, నాయన పోతే నిన్ను వానికి అప్పజెప్పిరి. కోడికూతకు ముందే లేపి కపిల మీద నిలబెట్టేవాడు. నువ్వు ఎంతున్నావు? ఎద్దు పొట్ట కింద దూరేంత. నిద్రకు తూలితే వెనక నుంచి మోకు కొసతో ఏసేవాడు. అరే, ఒరే అని పిలిచేవాడు కూడా కాదు. మేం నీళ్లకొచ్చి చూసేవాళ్లం. చూసి కడవలు ఎత్తుకుని పోయేవాళ్లం. అది మా తప్పు."

మద్దిలేటి నవ్వబోయాడు. "అదెప్పటి మాట అవ్వా! నేనేనాడో మర్సిపోయినా."

"నువ్వు మర్సిపోయినావు. నీ వీపు మర్సిపోలా."

మద్దిలేటి నవ్వు ఆగిపోయింది.

"అట్లైతే తప్పు నాది కాదా?" అన్నాడు మెల్లగా.

తిప్పవ్వ ఒలిచే చేతులు ఆపింది. "నిన్ను కొట్టిన పాపం వానిది. నువ్వు కొట్టింది నీది. దాన్ని వాని నెత్తిన వేస్తే నీ బిడ్డ చెయ్యి అతుకుతుందా?"

"మరి ఏం చెయ్యాల?"

"నాకేం తెలుసు నాయనా. తెలిస్తే నా కొడుకునే బాగు చేసుకుందును. నీకు ఎద్దుల సంగతి తెలుసు కదా. ముందు ఆ కర్రెద్దును వెనక్కి నడిపించు చూద్దాం."

మద్దిలేటి ఇంటికొచ్చాడు. ముల్లుకర్ర విరిచి పొయ్యిలో పెట్టాడు. కర్రెద్దును బావి దగ్గరికి తోలుకుపోయాడు. బాన కట్టలేదు, మోకు కట్టలేదు. ముందర నిలబడి ముఖం చూపించాడు. చేతులు చూపించాడు. మాట్లాడుతూ పక్కకొచ్చాడు. మాట్లాడుతూ వెనక్కి పోయాడు. "నేనే రా కర్రోడా. వెనక నేనే."

ఎద్దు వణికింది. ఆయన మళ్లీ ముందుకొచ్చాడు. ముఖం చూపించాడు. మళ్లీ పక్కకు, మళ్లీ వెనక్కి. "వెనక నేనే రా. వెనక నేనే."

పొద్దంతా అదే పని. మరునాడూ అదే పని. దారిన పోయేవాళ్లు నవ్వారు. "పెళ్లాం పోయేసరికి ఎద్దుతో కాపురం పెట్టినాడు" అన్నారు. ఒకసారి ఎద్దు వెనక కాలు లేపి అరడుగు వేసింది. మద్దిలేటికి ప్రాణం లేచొచ్చింది. ఆ మరునాడే దోమ కుట్టి ఎద్దు తోక విసిరింది, అది ముఖాన తగిలేసరికి మద్దిలేటి చెయ్యి లేపాడు. కొట్టలేదు, లేపాడంతే. ఎద్దు చూసింది. మళ్లీ మొదటికొచ్చింది.

"సరే రా. మళ్లీ మొదట్నుంచే" అన్నాడు మద్దిలేటి.

అప్పటి నుంచి కుడి మణికట్టుకు పాత మోకు పేలిక ఒకటి చుట్టుకున్నాడు. ఒళ్లు ఉలిక్కిపడినప్పుడల్లా ఎడమ చేత్తో దాన్ని పట్టుకునేవాడు. బాన నిండే దాకా ఎద్దుల్ని తోలకూడదు కదా, ఖాళీ బానకు తోలితే ఎద్దులు ముందుకు పడతాయి. అట్లాగే పేలిక పట్టుకుని, బాన నిండేంతసేపు ఊపిరి పీల్చి, అప్పుడు తిరిగి చూసేవాడు. వెనక ఉండేది ఒకసారి మేక. ఒకసారి కట్టెలు మోసుకుపోయే మనిషి. ఒకసారి గాలి. చిన్నాయన మాత్రం ఒక్కసారి కూడా లేడు.

చివరికి ఒకనాడు కర్రెద్దు "వెనక నేనే" అన్న గొంతు విని, గిలక దాకా వెనక్కి నడిచింది.

అప్పుడు మద్దిలేటి హుసేనప్ప ఇంటికి పోయాడు. ఊళ్లో ఎవరినీ ఏదీ అడగనివాడు అడిగాడు.

"బావా, నా వెనక వచ్చేటప్పుడు ముందుగా ఒక కేక వెయ్యి. వెనక నేనే అను. మిగతాది నేను చూసుకుంటా. నలుగురికీ నువ్వే చెప్పు. నాకు సిగ్గైతాంది."

"వీపు చరుపుడు మానాల్నా? మా తాత ముత్తాతల పద్ధతి కదప్పా!"

"మానొద్దు. ముందు పిలువు, తర్వాత చరువు."

హుసేనప్ప ఊడిన పంటి సందును నాలుకతో తడుముకున్నాడు. "నా మిగిలిన పండ్ల మీద ఒట్టు, అరుస్తా" అన్నాడు.

అరిచాడు కూడా. మరునాడు చెరుకుతోట అవతల నుంచే "బావా! వెనక నేనేయ్!" అని కేక. మద్దిలేటి భుజాలు బిగుసుకున్నాయి. పేలిక పట్టుకున్నాడు. తిరిగి చూసి నవ్వాడు. హుసేనప్ప వచ్చి వీపు చరిచాడు. చెయ్యి లేవలేదు.

ఊరికి అదొక వేడుకైంది. ముసలాళ్లు అరిచారు, ఆడవాళ్లు అరిచారు, పిల్లలు పని లేకున్నా అరిచారు. "వెనక నేనే! వెనక నేనే! వెనక నేనే!"

సుంకులమ్మ అన్నీ వింటూనే ఉంది. రాలేదు. మద్దిలేటి పిలవలేదు. తన చెయ్యి తన మాట వింటోందని తానే చెప్పుకుంటే ఏం లాభం? రోజూ సందె వేళ తిప్పవ్వ ఇంటి ముందు, చెయ్యి అందనంత దూరంలో కూర్చునేవాడు. బిడ్డ వీపు తిప్పి కూర్చుంటే, "ఓబులమ్మా, వెనక నేనే" అనేవాడు. బిడ్డ పలికేది కాదు. కాసేపుండి, "పోతున్నా తల్లీ" అని లేచిపోయేవాడు. కొన్నాళ్లకు బిడ్డ వీపు తిప్పడం మానేసింది.

కట్టు విప్పేశారు. వాన వచ్చి పోయింది. ఒక పొద్దున మద్దిలేటి కపిల బాటలో మోకు మీద కూర్చుని కిందికి దిగుతున్నాడు. వెనక గట్టు మీద అడుగుల చప్పుడైంది. చిన్న అడుగులు. ఒళ్లు బిగిసింది. చెయ్యి పేలిక మీదికి పోయింది. బాన నీళ్లు కాలవలో పడి పారాయి. ఆయన తిరగలేదు. ఆగాడు.

"నాయనా" అంది వెనక గొంతు. "వెనక నేనే."

మద్దిలేటి తిరిగి చూస్తే సంకటి గిన్నెతో ఓబులమ్మ. దాని వెనక ఇంకొంచెం దూరంలో, నెత్తిన రెండు చీరల మూటతో సుంకులమ్మ.

"ఏమయ్యా, పిలుస్తావేమోనని చూసి చూసి మేమే వస్తిమి" అంది సుంకులమ్మ.

మద్దిలేటి పూర్తిగా మారిపోయాడని ఎవరూ చెప్పరు. పిడుగు పడితే ఉలిక్కిపడేవాడు. పేలిక నలిగి నలిగి నల్లబడింది. కానీ నాలుగో దెబ్బ గురించి ఆ ఊళ్లో కథ లేదు. ఓబులమ్మ పెద్దదై, బిడ్డల తల్లై, బిడ్డల్ని నిద్ర లేపేటప్పుడు దూరం నుంచే పిలిచి, తర్వాతే దగ్గరికొచ్చి చెయ్యి వేసేది.

మద్దిలేటి ముసలివాడై, ఒకనాడు కన్ను మూశాడు. పాడె ఎత్తారు. పాడె ముందు నడిచేవాళ్లు నడిచారు, వెనక ఊరంతా కదిలింది. ఎవరూ మాట్లాడలేదు. అడుగుల చప్పుడు ఒక్కటే. అది విని పళ్లన్నీ ఊడిన హుసేనప్ప నిలబడిపోయాడు. "అయ్యో, పిలవకుండా పోతున్నామే! ఉలిక్కిపడతాడప్పా" అని గొంతెత్తాడు. "బావా! వెనక మేమే!"

ఊరంతా అందుకుంది. "మద్దిలేటీ, వెనక మేమే! వెనక మేమే! వెనక మేమే!" కాటి దాకా అట్లే పిలుచుకుంటూ పోయారు.

కపిలలు పోయాయి, మోటార్లు వచ్చాయి. మోకు ఒరిసిన గాడి మాత్రం ఆ బావి రాతి మీద ఇంకా ఉంది. బావులపల్లెలో ఇప్పటికీ ఎవరూ ఎవరి వెనకా చప్పుడు చెయ్యకుండా రారు. కొత్తగా కాపురానికొచ్చిన కోడలికి అత్త మొదట నేర్పేది "వెనక నేనే" అన్న మాటే. నిద్రపోయే బిడ్డను పిలవకుండా ముట్టరు. ఎవరైనా పిల్లవాడు ఊరికే చెయ్యి లేపితే, వాణ్ని మందలించే ముందు పెద్దవాళ్లు, "వీని వెనక ఎవరున్నారో చూడండప్పా" అంటారు. ఇక ఎవరిని కాటికి సాగనంపినా, వెనక నడిచేవాళ్లు "వెనక మేమే" అని మూడుసార్లు పిలిచి చెప్తారు.

బాన నిండింది, కథ గట్టెక్కింది. నీళ్లు తాగి లేవండి. పోయేటప్పుడు ముందున్నవాళ్లకు చెప్పి నడవండి.