ఏ సగం తీసెయ్యమంటారు?

నాగులదుర్గం ఏలే కంపరాజుకు ఒకనాడు వింత సందేహం పుట్టింది. అంతఃపురం నుంచి కొలువుకూటం దాకా నడిచి వచ్చేసరికి ఆయనకు కాళ్లు లాగేశాయి. సింహాసనంలో కూలబడుతూనే అడిగాడు:

"ఇల్లు పెద్దదైతే సుఖమా, చిన్నదైతే సుఖమా?"

సేనాపతి చెంగల్రాయుడు ఠక్కున లేచాడు. గుర్రాలశాల పెంచుకోవడానికి ఆయనకు చోటు కావాలి. శాల పక్కనే పల్లకి మోసే బోయీల వీధి ఉంది.

"చిన్నదే ప్రభూ! ఊడ్చే పని తక్కువ. ఒక్క దీపం పెడితే ఇల్లంతా వెలుగే. ఆలుమగలు అలిగినా ఎంతసేపని మొహం చాటేస్తారు? బోయీల ఇళ్లను సగానికి తగ్గిస్తే వాళ్ల సుఖం రెట్టింపవుతుంది. మిగిలిన చోట మన గుర్రాలుంటాయి."

రాజుకు ఆ మాట తెగ నచ్చింది. "అలాగే కానీ. రేపే గోడలు పడగొట్టించు" అన్నాడు.

రాజుకు తాంబూలం అందించే సూరప్ప ఆ మాట విన్నాడు. ఆ వీధి వాళ్లను అతను ఎరుగును. తాను ఒక్కపూటైనా అనుభవించని సుఖాన్ని పక్కవాడికి పంచిపెట్టే మనిషంటే అతనికి గిట్టదు. అయినా రాజాజ్ఞను కాదనడం తాంబూలం ఇచ్చేవాడి పని కాదు. నవ్వుతూ ఆకు మడిచి అందించాడు.

"ఎంత చల్లని ఆజ్ఞ ప్రభూ! పడగొట్టే ముందు ఆ సుఖమేమిటో తమరు స్వయంగా చూడాలి. సేనాపతిగారు కూడా వెంట ఉండాలి."

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ బోయీ గురవయ్య ఇంటికి వెళ్లారు. రాజు వంగి లోపలికి దూరి, ఉన్న ఒక్క నులకమంచం మీద కూర్చున్నాడు. ఆయన వెనకే సేనాపతి దూరాడు. గురవయ్య భార్య పోలమ్మ పొయ్యి మీద అంబలి కాస్తూ మూలకు ఒదిగింది. సూరప్ప గడప దగ్గరే ఆగిపోయాడు.

రాజు ఎదుట కూర్చోకూడదు, రాజుకు వీపు చూపకూడదు. అది కొలువు మర్యాద. సేనాపతి ముందు రాజుగారి మోకాళ్లు, వెనక మండే పొయ్యి. ఆయన కొయ్యబొమ్మలా నిలబడిపోయాడు.

"ఏమమ్మా, చిన్నిల్లు సుఖంగా ఉందా?" అన్నాడు రాజు.

"ఉంది దొరా. కూర్చున్న చోటు నుంచి కదలకుండా ఉప్పు అందుకుంటాను, నీళ్లు అందుకుంటాను, మాట వినకపోతే మా ఆయన చెవి కూడా అందుకుంటాను."

రాజు ఫక్కున నవ్వాడు. "మరి కష్టమేమీ లేదా?"

"చుట్టమొస్తేనే కష్టం. అల్లుడి ఎదట అత్త తిరక్కూడదు కదా దొరా! మొన్న వానల్లో మా అల్లుడొచ్చి, వాన వెలిసేదాకా కదల్లేదు. అన్నాళ్లూ నేను పక్కింటి చూరు కింద తడిశాను."

"ఏం సేనాపతీ, నీకంత చెమట పడుతోందేం?"

"ఆ... ఆనందం ప్రభూ."

సూరప్ప బొగ్గుముక్క తీసుకుని, గడప మీంచి వంగి, రాజుకూ సేనాపతికీ నడుమ నేల మీద గీత గీశాడు.

"సేనాపతిగారూ, ఇంటిని సగం చెయ్యాలి కదా. తమరే సెలవివ్వండి."

"ఏ సగం తీసెయ్యమంటారు? ప్రభువులు కూర్చున్నదా, తమరు నిల్చున్నదా?" అని తనే మళ్లీ అడిగాడు సూరప్ప.

రాజు కూర్చున్న చోటు తీసెయ్యమంటే తల పోతుంది. ఇంతలో సేనాపతి పంచె అంచుకు సెగ తగిలి కమురు వాసన లేచింది.

"నాదే! నేనున్న సగమే తీసెయ్యండి!"

"అప్పుడు తమరెక్కడ నిలబడతారు?"

"వీధిలో నిలబడతానయ్యా! ముందు నన్ను బయటికి పోనివ్వండి!"

వీపు చూపకుండా, పొయ్యిని తప్పించుకుంటూ వెనక్కి వెనక్కి జరిగిన సేనాపతి తలకు ద్వారబంధం తగిలింది. తలపాగా ఎగిరి అంబలికుండలో పడింది. పోలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజు నవ్వి నవ్వి మంచం పట్టెను గట్టిగా పట్టుకున్నాడు.

"ఇంత సుఖం నాకూ వద్దు, నా బోయీలకూ వద్దు. గుర్రాలను నీ పెరట్లో కట్టుకో సేనాపతీ! శాలలో అలా ఖాళీ అయ్యే నేల ఈ వీధికిచ్చాను. తలా ఒక గది వేసుకోండి."

రాజు లేచి, మెడలోని బంగారు గొలుసు తీసి సూరప్పకు ఇవ్వాలని చెయ్యెత్తాడు. మోచెయ్యి ఠంగున కప్పు వాసానికి తగిలింది.

"బయటికి పదవయ్యా సూరప్పా! ఇక్కడ బహుమానం ఇవ్వడానికి కూడా చోటు లేదు!"