పెద్ద పీరు వెనక ఓబులేసు

ఓబులేసుకు జ్వరం రావడమే తప్పయింది.

జ్వరం రాకపోయుంటే ఆ ఆదివారం మ్యాచ్‌కు పోయేవాడు. ఆయన పోయుంటే మా టీము ఎప్పటిలాగే ఓడిపోయేది. ఇంత రామాయణం ఉండేదే కాదు. ఆయన దుప్పటి కప్పుకొని మంచం మీద మూలుగుతున్న పూట, ఈ ఏడాది ఒక్క గెలుపు మొహం చూడని మా పిల్లోళ్ళు మూడు గోల్స్ కొట్టి గెలిచి కూర్చున్నారు.

ఓబులేసు మా ఊరి ఫుట్‌బాల్ టీముకు కోచ్. పెళ్ళి కాకముందు నుంచీ అదే లోకం. పోయినేడు జిల్లా కప్పు కొట్టినప్పుడు ఆయన్ను భుజాల మీద ఎక్కించుకొని బజారంతా తిప్పినాం. నేనూ మోసినా. మనిషి బాగా బరువు. ఆ తర్వాత మా హరూన్‌కు రైల్వేలో ఉద్యోగమొచ్చింది, వెళ్ళిపోయినాడు. గోల్ కొట్టడం మా ఊళ్ళో వాడొక్కడికే వచ్చని వాడు పోయినాక గానీ తెలిసిరాలేదు.

ఇంక టీ అంగడి కాడ పంచాయితీ మొదలైంది.

"ఆటలో పదహారణాలుంటే పద్నాలుగణాలు ఆడేవాళ్ళదే. కోచ్‌దేముంది?" అని ఒకడు.

"గోళీలాడుకుంటాండే హరూన్‌ను చెవి పట్టుకొని గ్రౌండుకు తెచ్చిందెవరప్పా?" అని ఇంకొకడు.

"జ్వరం నాడు పడిన గోల్స్ గూడా ఓబులేసు నేర్పించిన కార్నర్ దెబ్బే గదా?"

"నేర్పించినాయన గ్రౌండు గట్టు మీద నిలబడినప్పుడు ఎందుకు పడలేదు మరి? మంచమెక్కినప్పుడే ఎందుకు పడింది?"

చివరికి ఎవడో అన్నాడు, "కోచ్ జాగాలో ఖాళీ కుర్చీ వేద్దాం. అది అరవదు, టీ గూడా అడగదు" అని. అందరం పడీ పడీ నవ్వినాం. ఆ నవ్వు పోయి పోయి ఓబులేసు చెవిన పడింది. మా ఊరి నోరు మంచిది కాదు.

పీర్ల పండగ అయిన మర్నాడు క్లబ్బు మీటింగు. కోచ్‌గా ఉంటావో, తప్పుకుంటావో నువ్వే వచ్చి చెప్పు అన్నారు పెద్దోళ్ళు.

పండగ చివరి రోజు, మధ్యాహ్నం పీర్లు ఏటికి బయలుదేరే ముందు, మేమంతా కూడిన పీర్ల చావిడికి ఓబులేసు వచ్చినాడు. చావిడి చూసుకునేది దూదేకుల దస్తగిరి తాత. పరుపులు కుట్టుకొని బతికే మనిషి. ఓబులేసుకు చిన్నప్పట్నుంచీ ఆయనే గురువు. మంచైనా చెడైనా ఆయనతో చెప్పుకుంటే తప్ప అన్నం దిగదు.

మెడలోంచి విజిల్ తీసి తాత ముందర పెట్టినాడు.

"ఇది నీ కాడనే పెట్టుకో తాతా. నాకింక వద్దు."

తాత పెద్ద పీరుకు పూలదండ కడుతున్నాడు. తలెత్తలేదు.

"ఏమైంది రా?"

"ఒక్కటే అడుగుతా, నిజం చెప్పు. హరూన్ ఉన్నప్పుడు గెలిచినాం. అది వాని గొప్పా, నాదా? నాదైతే ఇప్పుడెందుకు ఓడిపోతాండాం? వానిదైతే ఇన్నేండ్లు ఆ గ్రౌండులో నేను చేసిందేంది? నేనుంటే ఓడిపోతారు, లేకుంటే గెలుస్తారు. నాకు పిచ్చి లేస్తాంది తాతా. నేను ఉన్నా లేకున్నా ఒకటేనా?"

అంత మనిషి అందరి ముందర ఏడ్చేటట్టున్నాడు. నాకు టీ అంగడి నవ్వు గుర్తొచ్చి తల వంచుకున్నా.

తాత దండకు ముడి వేసినాడు. విజిల్ తీసి తన మెడలో వేసుకున్నాడు. తెల్ల గడ్డం కింద అది వేలాడుతాంటే మామూలుగా అయితే నవ్వుకుందుము.

"ఈ పూట చంద్రాయుడి దట్టీ నువ్వు పట్టుకో" అన్నాడు.

పెద్ద పీరును ఎత్తేది చంద్రాయుడు. మిల్లులో మూటలు మోసే మనిషి. నిలువెత్తు కర్ర, కొసన ఇత్తడి పంజా, ఆ బరువు ఊళ్ళో ఇంకెవరి వల్లా కాదు. పీరు చేతికొచ్చినాక వాని చూపంతా పైనే. కింద కాళ్ళు యాడ పడుతాండాయో వానికి తెలీదు. అందుకని వాని నడుముకు పొడుగు గుడ్డ కట్టి, కొసలు పట్టుకొని వెనక ఒక మనిషి నడుస్తాడు. ఆ గుడ్డే దట్టీ. ఏటా దాన్ని పట్టేది తాతే. అందరూ పీరును చూస్తారు, చంద్రాయుణ్ణి చూస్తారు. వెనక ముసలాయన్ను చూసేదెవరు?

"నేనడిగిందేంది, నువ్వు చెప్పేదేంది తాతా?" అన్నాడు ఓబులేసు.

"ముందు పట్టుకో."

తప్పెట్లు మోగినాయి. జనం "షాహుసేన్!" అని కేక పెట్టినారు. చంద్రాయుడు పీరును ఎత్తినాడు.

కోచ్ బుద్ధి ఊరుకుంటుందా? నాలుగడుగులు పడకముందే మొదలుపెట్టినాడు ఓబులేసు. "ఎడమకు, ఎడమకు! గుంత ఉండాది! నిదానం!" నోటితో సరిపెట్టుకున్నా బాగుండు. దట్టీ పట్టి ఎడమకు ఒక్క లాగు లాగినాడు. చంద్రాయుడు తూలినాడు. పీరు పక్కకు ఒరిగింది. ఆడోళ్ళు కెవ్వుమన్నారు.

"పీర్ల కాడ గూడా నీ కోచింగేనా సామీ!" అని తప్పెట కొట్టే నరసింహులు గుడ్లురిమినాడు.

తాత పక్కనే నడుస్తున్నాడు. "లాగమని ఎవరు చెప్పినారు?" అన్నాడు.

ఓబులేసు మొహం ఇంతైంది. పట్టు వదులు చేసినాడు. మరీ వదులు చేసేసరికి గుడ్డ జారి చంద్రాయుడి కాళ్ళ సందున పడింది. దాన్ని తొక్కి వాడు ముందుకు పడబోయినాడు. ఓబులేసు గబుక్కున గుడ్డను దగ్గరికి తీసుకున్నాడు.

"వదలమని ఎవరు చెప్పినారు?" అన్నాడు తాత.

"మరి ఏం చేసి సావాల తాతా?"



బజారు దాటేసరికి ఓబులేసు నోరు దానంతటదే మూతపడింది. చంద్రాయుడు ఆగితే ఆగుతున్నాడు, కదిలితే కదులుతున్నాడు. ఇంటింటి కాడా పీరు మోసేవాని కాళ్ళ మీద బిందెలతో నీళ్ళు పోస్తారు గదా, మసీదు సందు మలుపులో ఆ నీళ్ళకు బురద బురదైంది. అక్కడ చంద్రాయుడి కాలు సర్రున జారింది. దట్టీ ఒక్క క్షణం బిర్రుగా బిగిసింది. మళ్ళీ వదులైంది. పీరు నిటారుగా ఉంది.

"వాని కాళ్ళు చూడప్పా! రాతి స్తంభాలు!" అని జనం చంద్రాయుణ్ణి ఒకటే పొగడడం.

ఏటి గట్టు మీద ఆగినాం. అక్కడ పానకం ఇస్తారు. ఇద్దరు మనుషులు పీరును పట్టుకున్నారు. చంద్రాయుడు ఈ లోకంలోకొచ్చి చెంబెడు పానకం గటగటా తాగినాడు.

"ఇంత దూరం పీరును మోసిందెవరు?" తాత ఓబులేసును అడిగినాడు.

"చంద్రాయుడు. అందులో అనుమానమేముంది?"

"మరి నువ్వో?"

ఓబులేసు చేతిలోని దట్టీ కొసల వైపు చూసుకున్నాడు. "తెలీదు తాతా. మలుపు కాడ వాడు జారినాడు. నేను ఆపినానో, వాడే నిలదొక్కుకున్నాడో... నీ తోడు, తెలీదు."

తాత చంద్రాయుడి వైపు తిరిగినాడు. "ఏం రా, నీ దట్టీ ఎవరు పట్టుకున్నారో చెప్పు."

చంద్రాయుడు మూతి తుడుచుకున్నాడు. కల్లాకపటం తెలియని మనిషి. "వెనక ఎవరన్నా ఉండిరా తాతా? నువ్వు పక్కన నడుస్తాంటే, ఈసారి వెనక ఎవరూ లేరనుకుంటి" అన్నాడు.

జనం గొల్లున నవ్వినారు.

"విన్నావు గదా" అన్నాడు తాత. "నువ్వున్నట్టే వానికి తెలీదు. ఇంక వదిలెయ్."

తప్పెట్లు మళ్ళీ మొదలైనాయి. చంద్రాయుడు పీరును అందుకున్నాడు. తల పైకి లేచింది. ముందర ఏట్లోకి దిగే వాలు. నిన్నటి వానకు నల్లమట్టి నున్నగా నిగనిగలాడుతోంది. చంద్రాయుడు దాన్ని చూడలేదు.

ఓబులేసు చూసినాడు. దట్టీని చేతులకు ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.

"వదిలెయ్ అంటి గదరా."

"నాకేమీ అర్థం కాలేదు తాతా" అన్నాడు ఓబులేసు. వదల్లేదు.

తాత మెడలోంచి విజిల్ తీసి చాపినాడు. "మరి ఇది?"

ఓబులేసు చూపు చంద్రాయుడి మడమల మీంచి కదల్లేదు.

"చేతులు ఖాళీ లేవు తాతా. మెడలో ఎయ్."