అసిరమ్మ కడియాలు, కోడళ్ళ కళాయి

ఊఁ కొట్టేవాళ్ళుంటే చెబుతాను. కొట్టకపోతే నాకూ నిద్రొస్తుంది.

అనగనగా, మీ ముత్తవ్వకి ఇంకా పాలపళ్ళు రాని రోజుల్లో, ఏటి పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో అసిరమ్మ అని ఒక కూలి మనిషి. ఆమెకి ఉన్నదల్లా ఒక పాక, ఒక పొయ్యి, వాళ్ళమ్మ ఇచ్చిన ఒక జత వెండి కడియాలు.

ఆ ఊరికో ఆచారం ఉంది. వరి ఊడ్పుల మొదటిరోజు ఎవరి కాలి కడియాలు అందరికన్నా తెల్లగా ఉంటే వాళ్ళే ముందు మడిలో దిగాలి. ఊరిపెద్ద పెదకాపు ఆ మనిషి కాళ్ళమీద నీళ్ళు పోసి, "రా అమ్మా" అని పిలవాలి. అసిరమ్మ ప్రతి ఏడూ కడియాలు బూడిదతో తోముకుని తనే ముందు దిగేది. మిగతా రోజులన్నీ ఆమె "ఒసే అసిరీ". ఆ ఒక్కరోజే "అమ్మ". ఆ ఒక్క పిలుపు కోసం ఏడాదంతా ఎదురుచూసేది.

"తోమితే తెలుపు, మానితే నలుపు. నా ఎండితో నాకు తగువు నేదు" అనేది.

ఒక ఏడు కళాయివాడు వచ్చాడు. ఊళ్ళో గిన్నెలన్నీ అయిపోయాయి గాని వాడి ఆశ తీరలేదు. పెదకాపు ముగ్గురు కోడళ్ళ కాళ్ళకేసి చూశాడు.

"ఎండి నల్లబడిపోద్ది తల్లీ. దానిమీద తగరం పూత పూసేనంటే మరి తోమే పని నేదు" అన్నాడు.

గిన్నెకి కళాయి వేస్తారు గాని వెండికి వేస్తారా? వేయించుకున్నారు మహాతల్లులు! కడియాలు అద్దాల్లా మెరిశాయి.

"ఒసే అసిరీ, ఈ ఏడు తొలి అడుగు మాదే. నువ్వు ఆఖర్న నిలబడు" అంది పెద్దకోడలు.

అసిరమ్మకి ఏడుపొచ్చింది. ఆ బెంగతో కడియాలు తోమడమే మానేసింది. అవి పెనం అడుగులా నల్లబడ్డాయి.

ఊడ్పుల రోజు వచ్చింది. పెద్దకోడలు బురద చూసింది. "ఓలమ్మా, పూత పోద్ది" అని కడియాలకి పాతగుడ్డ చుట్టింది. నడిపికోడలు అరటిదొప్ప కట్టింది. చిన్నకోడలు అసలు కాలే కింద పెట్టలేదు. గట్టుమీద చతికిలబడి రెండు కాళ్ళూ గాల్లోకి ఎత్తింది.

పెదకాపు చెంబు పట్టుకొచ్చాడు. "కడియాలేవమ్మా?"

"గుడ్డలో ఉన్నాయి మావా" అంది పెద్దది.

"దొప్పలో ఉన్నాయి మావా" అంది నడిపిది.

"ఇయిగో మావా! సూడు గాని తడపకు!" అంది చిన్నది.

ఎండెక్కింది. నారు తల వేలేసింది. పెదకాపుకి ఒళ్ళు మండింది. "మీ మెరుపులు తగలెయ్య! నారు సచ్చిపోతంది. దిగే కడియాలు ఒక్క జతేనా నేవేటి ఈ ఊళ్ళో?"

"నాయి నల్లగున్నాయి బాబూ. ఉండండి" అంది అసిరమ్మ ఆఖర్నించి.

కాలవలో వంగి గుప్పెడు ఇసక తీసింది. ఒక రుద్దు రుద్దితే మసి పోయింది. రెండో రుద్దుకి వెండి కనబడింది. మూడో రుద్దుకి కడియం తెల్లగా నవ్వింది.

పెదకాపు నీళ్ళు పోశాడు. "రా అమ్మా" అన్నాడు.

ఆ మాటకి అసిరమ్మ కళ్ళు నిండిపోయాయి. దిగింది. వెనకే ఊరంతా దిగింది. కోడళ్ళకీ దిగక తప్పలేదు. సాయంత్రానికి పూత పెచ్చులు లేచి, కడియాలు గజ్జికుక్కల్లా తయారయ్యాయి. ముగ్గురూ కాలవ దగ్గర కూర్చుని ఇసకతో తోమడం మొదలుపెట్టారు.

"ఓలమ్మా, కింద ఎండి ఉందే!" అంది చిన్నకోడలు, తప్పిపోయిన చుట్టం దొరికినట్టు.

"ఎప్పుడూ ఉందమ్మా. మీరే కప్పెట్టేరు" అంది అసిరమ్మ.

పెద్దకోడలు కాసేపు నసిగి, "అసిరమ్మత్తా, ఇంకో గుప్పెడు ఇసక ఇయ్యవా" అని చెయ్యి చాపింది.

అసిరమ్మ పోయి ఎన్ని పంటలైందో ఎవరికీ తెలీదు. ఇప్పటికీ ఆ ఊళ్ళో మంచి వస్తువు దాచుకుని మురిసేవాళ్ళని "కడియానికి గుడ్డ కట్టేవా?" అంటారు. కళాయివాడి కేక వినబడితే గిన్నెలు బయటికొస్తాయి, కాళ్ళు కుచ్చెళ్ళలోకి పోతాయి. ఊడ్పుల మొదటిరోజు ఆడవాళ్ళందరూ కడియాలు ఇసకతో మూడు రుద్దులు రుద్దుకుని గట్టుమీద నిలబడతారు. ఎవరూ దిగరు. పెదకాపు వంశంవాడు అసిరమ్మకని ముందు వదిలిన ఖాళీ చోట చెంబెడు నీళ్ళు పోసి, "రా అమ్మా" అంటాడు.

ఆమె దిగేదాకా ఆగి, అప్పుడు మిగతావాళ్ళు దిగుతారు.