ఓబులమ్మ కూర్చున్న గంప

అనగనగా, మా అవ్వకు వాళ్లవ్వ చెప్పిన కాలానికి కూడా అవతల, ఎర్రగుట్ట కింద ఒక ఊరుండేది. ఆ ఊళ్లో ఓబులమ్మ అని ఒక ఒంటరి ముసలామె. గుట్టెక్కి కట్టెలు తెచ్చి ఇంటింటికీ మోపులు వేసేది. వాళ్లిచ్చే గింజలతో కడుపు నింపుకునేది. పిచ్చిది, మంచి కట్టెలన్నీ ఊరికిచ్చి, మిగిలిన పుల్లలు తన పొయ్యిలో పెట్టుకునేది.

ఆ ఊరివాళ్లు తినేది ఉలవలు. ఉలవలంటే మాటలా? ఎంత నానబెట్టినా, తెల్లారి పొయ్యెక్కిస్తే పొద్దు నడినెత్తికొచ్చినా మెత్తబడవు. ఇంటికి రోజుకు మూడు మోపులు కావాలి. మొదట గుట్ట కింద చెట్లు పోయాయి. తర్వాత నడుమ చెట్లు పోయాయి. తర్వాత పైన చెట్లు పోయాయి. చివరికి ఊట చుట్టూ ఉన్న తోపు ఒక్కటే మిగిలింది. ఊరంతా తాగేది ఆ ఊట నీళ్లే.

"ఇంక గతి లేదు. తోపు కొట్టుకుందాం" అన్నాడు ఊరిపెద్ద తిమ్మప్ప.

ఓబులమ్మ అడ్డమొచ్చింది. చెట్టు పోయిన చోటల్లా తడి ఆరిపోవడం రోజూ చూసేది ఆమె ఒక్కతే.

"మూడు దినాలు ఆగు నాయనా. ఒక మోపుతోనే ఉలవలు ఉడికే దోవ నాకు తెలుసు" అంది.

"మోపులు తగ్గితే నీకు గింజలెవరిస్తారు? నీ నోట్లో నువ్వే మన్ను కొట్టుకుంటాండావే!"

"ఊటే ఎండిపాయె అనుకో, ఆ గింజలు దేంట్లో ఉడకేసుకోవల్ల నాయనా?"

 తిమ్మప్ప సరే, మూడు రోజులన్నాడు.

ఓబులమ్మ దోవ ఏమిటంటే, ఒకసారి ఆమె ఇంట్లో పుల్లలు అయిపోయాయి. సగం ఉడికిన ఉలవల కుండను కుక్క ముట్టకుండా పొట్టు గంపలో పూడ్చి గుట్టకు వెళ్లింది. సాయంత్రం వచ్చి చూస్తే ఉలవలు మెత్తగా ఉడికి ఉన్నాయి. కుండ ముట్టుకుంటే ఇంకా చెయ్యి కాలుతోంది.

మొదటిరోజు తిమ్మప్ప వాకిట్లోనే కుండ పెట్టి, సగం ఉడకనిచ్చి, దించి, పొట్టులో పూడ్చింది. తిమ్మప్ప పెళ్లాం నరసక్కకు ఓపిక ఎక్కడిది? "ఉడికిందా?" అని మూత తీసింది. "ఉడికిందా?" అని మళ్లీ తీసింది. "ఉడికిందా?" అని ఇంకోసారి తీసింది. వేడంతా పోయి ఉలవలు రాళ్లలాగే ఉన్నాయి. ఊరంతా నవ్వింది.

రెండోరోజు నరసక్క చేతులు కట్టుకుని కూర్చుంది. ఇరుగుపొరుగు వచ్చి మూత తీశారు. మళ్లీ రాళ్లే. తిమ్మప్ప గొడ్డలి నూరుకున్నాడు.

మూడోరోజు ఓబులమ్మ కుండను పూడ్చి, గంప మీద చెక్క వేసి, ఆ చెక్క మీద ఎక్కి కూర్చుంది.

"లెయ్ ఓబులక్కా, ఒక్కసారి చూస్తా" అంది నరసక్క.

"లెయ్యను."

"పోనీ, లేచి ఇంత గంజన్నా తాగు."

"లెయ్యను."

"ఈ ఎండకు చచ్చిపోతావే!"

"తోపు పొయ్యేదానికంటే నేను పోతే ఏమమ్మా? లెయ్యను."

పొద్దు గుట్ట దిగాక లేచింది. నడుం పట్టేస్తే ఇద్దరు కలిసి లేపారు. నరసక్క పొట్టు తోడి మూత తీసింది. ఆవిరి ముఖాన కొట్టింది. ఒక గింజ వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా నలిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. తిమ్మప్ప గొడ్డలిని అటకెక్కించాడు.

ఆనాటి నుంచి ఇంటికి ఒక మోపే. ఓబులమ్మకు వచ్చే గింజలు తగ్గాయి, నిజమే. కానీ ఏ ఇంట్లో గంప తెరిచినా మొదటి గరిటె ఆమెకే వెళ్లేది. ఆమె పోయిన రోజు అలవాటుకొద్దీ ఇంటింటా మొదటి గరిటె తీసి, ఎక్కడికి పంపాలో తెలియక ఆడవాళ్లు గరిటె పట్టుకునే ఏడ్చారట. ఆమెను ఊట పక్కనే పూడ్చారు.

మా అవ్వ గంప తెరిచినప్పటి ఆ వాసన తలుచుకుంటే నాకిప్పటికీ నోరూరుతుంది, కళ్లూ తడుస్తాయి. ఇప్పుడు గ్యాసు పొయ్యిలొచ్చాయి. పొట్టు గంపలు పోయి పాత దుప్పట్లొచ్చాయి. అయినా మావైపు ఉలవలు సగం ఉడకగానే మంట ఆపేస్తారు. గిన్నెకు దుప్పటి చుట్టి పైన ఒక రాయి పెడతారు. ఆ రాయే ఓబులమ్మ. ఆకలికి ఆగలేక ఎవరైనా మూత మీద చెయ్యి వేశారా, వంటింట్లోంచి ఒకటే కేక:

"ఆగు! ఓబులమ్మ ఇంకా లెయ్యలేదు!"